నడిమి ఆటగాడు గురువైన విధము



వ్యాకరణమో పురాణమో చెప్పవలసిన ఈ ముసలి పంతులు బంతియాటను గూర్చి ప్రసంగించుటకు వచ్చెనేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, తప్పు లేదు. ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠము చెప్పినవాడను. ఆ కాలమున నన్ను పట్టి విడువని ప్రశ్న యొకటి కలదు. పరీక్షలో తప్పిన కుఱ్ఱవాడు పిదప మంచి ఉపాధ్యాయుడు కాగలడా? తాను చెడిన చోటనే ఇతరులను గట్టెక్కింపగలడా? తప్పినవాడు భయము నేర్చికొనును గాని విద్య నేర్చికొనడని మా పెద్ద పంతులుగారొకరు వాదించెడివారు. ఆయన మాటను నేను పూర్తిగా నమ్మనులేదు, కాదననులేదు. ఎన్నో యేండ్లకు ఆ వాదమునకు తగిన సాక్ష్యము జపాను దేశమునుండి దొరకినది. ఆ సాక్షి పేరు మొరియాసు హజిమె.

మొట్టమొదట పేరును గూర్చి ఒక ముచ్చట చెప్పనిండు, పండితుని చాపల్యము మన్నింపుడు. జపానువారు ఇంటిపేరు ముందు చెప్పుదురు, మనవలెనే. వారి లిపిలో ఈయన పేరున మూడక్షరములు కలవు. మొదటి రెండును ఇంటిపేరు, మూడవది ఒకటి అను అంకె. దానినే హజిమె యని చదువవలెను. తెలియనివారు మొదటి అక్షరము ఇంటిపేరనియు, తక్కిన రెండును సొంతపేరనియు విడదీసి ‘మొరి పోయిచి’ యని చదివిరట. పదవిభాగము తప్పినచో ఏమగునో పద్యము చదివినవారికి చెప్పనక్కఱలేదు. ఆ తప్పు చదువే ముద్దుపేరై ‘పోయిచి’ యని ఆయనకు నిలిచిపోయినది. పేరు సరిగా చదువుటకైనను రానంతటి అప్రసిద్ధుడుగా ఆయన తన దేశపు జట్టులోనికి వచ్చెను.

ఆట నెఱుగనివారి కొఱకు నాలుగు మాటలు. పాదకందుకమని సంస్కృతము చేయవచ్చును గాని మన పిల్లలు ఫుట్‌బాలనియే అందురు, నేనును అట్లే అందును. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు. ఆట తొంబది నిమిషములు, నడుమ విరామము. గోలు కాచువాడు తప్ప మఱియెవ్వడును బంతిని చేతితో తాకరాదు. ముందు నిలుచువారు గోలు కొట్టుదురు, వారి పేరే పత్రికలలో పడును. వెనుక నిలుచువారు శత్రువు నడ్డుదురు. ఈ యిరువురికి నడుమ నిలుచువారు కొందఱు కలరు. వారే మధ్యరంగపు ఆటగాండ్రు, ఇంగ్లీషున మిడ్‌ఫీల్డర్లు.

ఈ నడిమివాని పని మన గ్రామములవారికి చెప్పిన వెంటనే బోధపడును. చెఱువు క్రింద నీరుగంటి యుండెడివాడు గదా. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పోవలెనో చూచి మడవ తిప్పువాడతడే. కట్టకు గండి పడునట్లున్నచో ముందుగా కనిపెట్టి మట్టి వేయువాడును అతడే. పంట పండినప్పుడు రైతును మెచ్చుదురు, వానదేవుని మెచ్చుదురు, రాత్రియెల్ల గట్టుమీద తిరిగినవానిని తలచువారుండరు. మొరియాసు అట్టి నీరుగంటి. జపానులో ఆ స్థానమును ‘బొరాంచి’ యందురు. అది పోర్చుగీసు భాషలోని ‘వొలాంచి’ యను మాట, దానికి బండిని త్రిప్పు చక్రమని అర్థము. జపాను దేశము పక్షమున ఆయన 35 ఆటలాడెను. కొట్టిన గోళ్లు ఎన్ని? ఒక్కటి. ఈ లెక్క చూచి అల్పుడనుకొనువారు ఆటను చూడనివారు.

ఆయన 1968వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీని షిజువొకా ప్రాంతమున పుట్టి, నాగసాకిలో పెరిగెను. పందొమ్మిదవయేట, 1987లో, హిరోషిమా పట్టణమునకు పోయి మజ్దా మోటారుకార్ల కంపెనీ జట్టులో చేరెను. నాగసాకి, హిరోషిమా. ఈ రెండు పేర్లు వినగానే మీకు తోచునది నాకును తోచినది. 1945 ఆగష్టు 6న ఒకదానిమీద, 9న రెండవదానిమీద అణుబాంబు పడినది. ఆయన పుట్టుట అటుపిమ్మట ఇరువదిమూడేండ్లకు. ఒకదానిలో పెరిగి మఱియొకదానిలో బ్రదుకు తెఱువు చూచుకొన్న మనుష్యుడు గనుక, శాంతిని గూర్చి మాటలాడవలసిన బాధ్యత తనకు కలదని ఆయన బహిరంగముగనే చెప్పుచు వచ్చెను. ఆటగాని నోట అట్టి మాట తఱచుగా వినబడదు.

ఆ దినములలో జపానున ఫుట్‌బాలు వృత్తి కాదు. కంపెనీలు జట్లను పోషించెడివి, ఆటగాండ్రు ఆ కంపెనీలలో ఉద్యోగులు. మజ్దా జట్టుకు శిక్షకుడుగా హాలెండు దేశీయుడు హాన్స్ ఊఫ్ట్ ఉండెను. ఆయనయే 1992లో జపాను దేశపు జట్టుకు శిక్షకుడై, దేశమున ఎవ్వరును పేరు వినని మొరియాసును పిలిపించెను. ఊఫ్ట్ బోధ సామాన్యమైనది. తోటివాని కన్ను చూచి ఆడుము, ముగ్గురు కలసి త్రిభుజముగ నిలువుము, ఇదియే. చక్కని బోధ యెప్పుడును చిన్నదిగనే యుండునని నా అనుభవము. ఆ సంవత్సరమే హిరోషిమాలో జరిగిన ఆసియా కప్పును జపాను మొదటిసారి గెలిచినది.

1993లో జపానున వృత్తిలీగు ఆరంభమైనది, పది క్లబ్బులతో. మజ్దా జట్టు ‘సాన్‌ఫ్రెచ్చె హిరోషిమా’ అను క్లబ్బుగా మాఱెను. ఈ పేరులో ఒక కథ కలదు. పదునారవ శతాబ్దమున ఆ ప్రాంత మేలిన మొరి మొతొనారి యను ప్రభువు తన ముగ్గురు కొడుకులను పిలిచి తలకొక బాణమిచ్చి విఱువుమనగా విఱిచిరట, మూడింటిని కట్టగట్టి యీయగా విఱువలేకపోయిరట. మన కట్టెలమోపు కథయే. ‘సాన్’ అనగా జపాను భాషలో మూడు, ‘ఫ్రెచ్చె’ అనగా ఇటలీ భాషలో బాణములు. రెండు భాషలను కలిపి సమాసము చేసిరి. వ్యాకరణము ఒప్పుకొనదు గాని కథ బాగుగనే యున్నది.

ఇక అసలు సంగతికి వచ్చెదను. 1994లో అమెరికాలో జరుగనున్న ప్రపంచ కప్పుకు ఆసియానుండి రెండు దేశములకే చోటు. కడపటి పరీక్ష 1993 అక్టోబరులో ఖతారు దేశపు ముఖ్యపట్టణమైన దోహాలో ఆరు దేశముల నడుమ జరిగినది. జపాను అంతకు పూర్వ మెన్నడును ప్రపంచ కప్పునకు పోయియుండలేదు. నాలుగు ఆటలైనవి. కొరియాను 1-0తో గెలిచి జపాను పట్టికలో పైకి వచ్చినది. ఐదవది ఇరాకుతో, అక్టోబరు 28వ తేదీని. గెలిచినచో అమెరికాకు పయనమే.

ఆ దినమున మొరియాసు రంగమున నుండెను. ఐదవ నిమిషమున మియురా గోలు కొట్టెను. విరామమునకు పిమ్మట ఇరాకు సమము చేసినది. 69వ నిమిషమున నకయామా రెండవ గోలు కొట్టెను. జపాను 2, ఇరాకు 1. తొంబది నిమిషములును నిండినవి. ఆగిన కాలమునకు బదులుగ చేర్చు కొన్ని క్షణములు మాత్రమే మిగిలినవి. ఇరాకువారికి మూలనుండి తన్ను హక్కు వచ్చినది. బంతిని నేరుగా గోలు ముందునకు కొట్టుదురని అందఱును అనుకొనుచుండగా వారు దగ్గఱనున్న తోటివానికి అందించి, అతడు లోనికి తన్నగా, జాఫర్ ఒమ్రాన్ తలతో కొట్టెను. గోలు కాచువాడు కదలలేదు. బంతి పైనుండి లోనికి పోయెను. 2-2.

జపాను ఆటగాండ్రు ఉన్నచోటనే కూలబడిరి. ఒకరి మొగము ఒకరు చూడలేదు. అదే సమయమున కొరియా తన ఆటను 3-0తో గెలిచియుండుటచేత జపానుకు కొరియాకు మార్కులు సమమై, గోళ్ల లెక్కలో జపాను మూడవదయ్యెను. సౌదీ అరేబియాయు కొరియాయు అమెరికాకు పోయినవి. ఆ దేశమున దీనిని ‘దోహా విషాదము’ అని నేటికిని అందురు. కడపటి నిమిషమున బంతిని తమ యొద్ద నిలుపుకొనక తొందరపడి ముందునకు తన్నుటయే చేటు తెచ్చినదని పలువురు వ్రాసిరి. బంతిని నిలుపుకొనవలసినవాడు ఎవడు? నడిమివాడు. ఆ నడుమ నున్నవారిలో మొరియాసు ఒకడు. గురువై కూర్చున్న పిదప గూడ ఆ నిమిషము ఆయనను విడువలేదు.

ప్రపంచ కప్పు ఆటగాడుగా ఆయనకు దక్కలేదు. 1998లో జపాను మొదటిసారి పోయినప్పుడు ఆయన జట్టులో లేడు. హిరోషిమాలో ఆడెను, ఒక యేడు క్యోటో క్లబ్బున ఆడెను, కడపట సెన్దాయిలో రెండేండ్లాడి 2004 జనవరిలో ఆట మానెను.

పిమ్మటి యెనిమిదేండ్లు ఆయన పెద్ద గురువుల ప్రక్కన చిన్న గురువుగ నుండెను. హిరోషిమాలోను, ఇరువదియేండ్ల లోపువారి దేశపు జట్టులోను, నీగాతా క్లబ్బులోను సహాయకుడు. పత్రికలు పట్టించుకొనని కాలమిది. గురుకులమున పండితుడగుటకు ముందు పెద్దశిష్యుడై చిన్నపిల్లలకు వల్లెవేయించు కాలము వంటిది. ఆ మెట్టు ఎక్కక నేరుగా పీఠమెక్కినవారిని నేను చూచితిని, వారి శిష్యులను గూడ చూచితిని. అది వేఱు కథ.

2012లో హిరోషిమా క్లబ్బు ఆయనను ప్రధాన శిక్షకునిగ చేసినది. ఆయన మొదటి సంవత్సరమే క్లబ్బు లీగును గెలిచినది, వృత్తిలీగున అదే దానికి మొదటి విజయము. 2013లో మరల గెలిచినది, కడపటి దినమున పైనున్న జట్టు ఓడగా తాము గెలిచి. 2015లో మూడవమాఱు. హిరోషిమా ధనిక క్లబ్బు కాదని మఱువరాదు. బాగుగ తయారైన ఆటగాండ్రను ధనముగల క్లబ్బులు తీసికొనిపోవుచుండెను. అయినను నాలుగేండ్లలో మూడుసార్లు. ఆయన చేసినదేమి? తనకు ముందున్న శిక్షకుడు సెర్బియాలో పుట్టిన పెత్రొవిచ్ నేర్పిన పద్ధతిని త్రోసివేయలేదు. దానియందు రక్షణ పలుచనగుట చూచి, శత్రువు వచ్చునప్పుడు వెనుక ఐదుగురు నిలుచునట్లు దిద్దెను. క్రొత్తగా వచ్చిన పంతులు పాత పంతులు వ్రాసిన దంతయు బల్లమీదనుండి తుడిచివేయుట మన బళ్లలో వాడుక. ఈయన తుడువలేదు. పై వరుసలో ఒక అక్షరము దిద్దెను, అంతే.

అయినను లక్ష్మి చంచల. 2017లో ఆ క్లబ్బే పట్టికలో అడుగునకు పడిపోయెను, జులైలో ఆయన పదవి విడిచెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే టోక్యో ఒలింపిక్సు కొఱకు యువకుల జట్టును తయారుచేయు పని వచ్చినది. 2018లో రష్యా ప్రపంచ కప్పున సహాయకుడుగ నుండి, అది ముగిసిన పిదప దేశపు పెద్ద జట్టునకు ప్రధాన శిక్షకుడయ్యెను. 2019 ఆసియా కప్పు తుదియాటలో ఖతారు చేతిలో ఓటమి. కరోనావలన 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో నాలుగవ స్థానము, పతకము లేదు.

ఆ యేడే అసలు గండము వచ్చినది. ప్రపంచ కప్పు అర్హత కొఱకు ఆడు ఆటలలో సెప్టెంబరున స్వదేశముననే ఒమాను చేతిలో 0-1, అక్టోబరున సౌదీ అరేబియా చేతిలో 0-1. మూడు ఆటలలో రెండు ఓటములు. ఆయనను తొలగింపుడని కేకలు లేచినవి. అక్టోబరు 12న ఆస్ట్రేలియాతో ఆట. ఆయన ఏమి చేసెనో వినుడు. ముందునకు గోలు కొట్టువారిని చేర్చలేదు, వెనుక గోడ కట్టలేదు. నడుమ ముగ్గురు నీరుగంటులను నిలిపెను. ఎందొ, మొరితా, తనకా. జట్టు చెడినప్పుడు తాను పుట్టిపెరిగిన చోటనే మరమ్మతు మొదలిడెనన్నమాట. ఆ దినమున జపాను 2-1తో గెలిచినది, మొదటి గోలు ఆ తనకాదే. అటుపిమ్మట వరుసగ గెలిచి 2022 మార్చిలో సిడ్నీలో ఆస్ట్రేలియాను మరల ఓడించి అర్హత పొందినది.

ఆ ప్రపంచ కప్పు ఎక్కడ జరిగినది? ఖతారులో. విధి యనుడు, యాదృచ్ఛికమనుడు, మీ ఇష్టము. ఇరువదితొమ్మిదేండ్లకు ఆయన దోహాకు తిరిగి వచ్చెను, ఈసారి రంగము వెలుపల నోటుపుస్తకము చేతబట్టుకొని. ఆట జరుగుచుండగా అందులో వ్రాసికొనుట ఆయన వాడుక. దొరలవలె సూటు తొడిగికొని పుస్తకములో గీకుచున్న ఆయనను టెలివిజనులో చూచినప్పుడు నాకు బడి తనిఖీ జ్ఞాపకము వచ్చినది.

నవంబరు 23న మొదటి ఆట జర్మనీతో. నాలుగుమార్లు ప్రపంచ కప్పు గెలిచిన దేశమది. మొదటి అర్ధభాగమున జర్మనీవారిదే రాజ్యము, 33వ నిమిషమున పెనాల్టీతో గోలును వచ్చినది. విరామమున ఆయన కుబో యను చుఱుకైన దాడివానిని దించి తోమియాసు యను రక్షకుని దింపెను. ఓడుచున్న జట్టు రక్షకుని చేర్చుటేమని మీరడుగవచ్చును. వెనుక ముగ్గురు మూలస్తంభములు నిలిచినచో ఇరుప్రక్కల వారు నిర్భయముగ ముందునకు పోగలరని ఆయన యెఱుగును. హిరోషిమాలో ఆయన దిద్దిన పాఠమే యిది. తరువాత ఒక్కొక్కరుగ దాడివారిని దింపెను. 75వ నిమిషమున, దిగి కొలది నిమిషములైనను కాని డోఆన్ గోలు కొట్టెను. 83వ నిమిషమున ఇతాకురా దూరమునుండి పంపిన బంతిని అసానో పరుగున అందుకొని, చోటే లేనట్టి కోణమునుండి, గోలు కాచువాని భుజము మీదుగ లోనికి కొట్టెను. 2-1.

ఈ అసానో ఎవరు? హిరోషిమాలో మొరియాసు చేతికింద పెరిగిన శిష్యుడు. రెండు నెలల క్రిందట అతని మోకాలికి దెబ్బ తగిలినది. అట్టివానిని ఏల తీసికొనిపోవుచున్నావని పలువురు అడిగిరి. గురువు విడువలేదు. శిష్యుని బలహీనత లోకమంతయు ఎఱుగును, బలము ఒక్క గురువే యెఱుగును.

నాలుగు దినములకే కోస్టారికా చేతిలో 0-1తో ఓడిరి. ఐదుగురిని మార్చి ఆడించుట పొరపాటని మొన్న పొగడిన నోళ్లే తిట్టినవి. డిసెంబరు 1న స్పెయిను. మరల మొదటి గోలు శత్రువుదే. మరల విరామమున మార్పు. 48వ నిమిషమున డోఆన్, 51వ నిమిషమున తనకా. ఆ రెండవ గోలునకు ముందు బంతి గీత దాటినదా లేదా యని జగమంతయు వాదించినది. పైనుండి చూచినచో బంతి వెంట్రుకవాసి గీతమీద నున్నదని యంత్రము తేల్చినది. ఆటలో బంతి జపానువారి యొద్ద నున్నది నూటికి పదునెనిమిది పాళ్లు మాత్రమే. అయినను 2-1.

కడపటి నిమిషము వచ్చినది. జపాను 2, స్పెయిను 1. అంకెలు అవే, ఊరు అదే. ఆ చివరి నిమిషమున తనకు దోహా విషాదము మనసులో మెదలెనని ఆయన ఆట ముగిసిన పిదప చెప్పెను. అయితే ఈసారి ఆటగాండ్రు వెనుకకు జరుగలేదు, ధైర్యముగ ముందునకు పోయి బంతికై పోరాడిరి. అది చూచి కాలము మాఱినదని ఆయనకు తోచెనట. జర్మనీ ఇంటికి పోయినది, జపాను ఆ గుంపున మొదటిదయ్యెను.

డిసెంబరు 5న క్రొయేషియాతో 1-1. పెనాల్టీలలో 3-1తో జపాను ఓడినది. ఇచ్చట నాకొక ఆక్షేపణ కలదు, చెప్పక తప్పదు. ఎవరు తన్నవలెనో ఆయన నిర్ణయింపలేదు, ఇష్టమున్నవారు చేయి యెత్తుడనెను. శిష్యుల స్వాతంత్ర్యమునకు అది గౌరవమే. కాని అంతటి బరువును పిల్లల భుజములమీద పెట్టక, పేర్లు తానే చదివి, చెడినచో మాట తానే పడవలసినది. ముందు వచ్చిన నలుగురిలో ముగ్గురు తన్నిన బంతులను క్రొయేషియా కాపరి పట్టెను. ఆయన ఆటగాండ్ర నొక్కరిని నిందింపలేదు. ప్రేక్షకుల వైపునకు నడచి, నడుము వంచి, చాలసేపు అట్లే నిలిచెను.

మునుపు జపానులో ప్రపంచ కప్పు ముగియగనే శిక్షకుని మార్చెడివారు. ఈయనను మాత్రము కొనసాగించిరి, అది మొదటిసారి. 2023 సెప్టెంబరులో జర్మనీని వారి గడ్డమీదనే 4-1తో గెలిచిరి. 2024 ఫిబ్రవరిలో ఆసియా కప్పున ఇరాను చేతిలో 1-2, అదియు కడపటి నిమిషములలో వచ్చిన పెనాల్టీ గోలుతో. 2025 మార్చిలో, ఆతిథ్యమిచ్చు దేశములు గాక తక్కినవాటిలో అన్నిటికంటె ముందుగ 2026 ప్రపంచ కప్పునకు అర్హత.

మన సంగతి యొకటి ఇచ్చట చెప్పవలెను. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో భారతదేశము ఇదే జపానును 2-0తో ఓడించి, పిదప బంగారు పతకము గెలిచినది. ఆ జట్టు గురువు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయనయు బడిపంతులే. మఱుసటి సంవత్సరమే కాలధర్మము నొందెను. ఆయన పిదప మనము నిలుపుకొనలేకపోయినది జపానువారు ఎట్లు కూడబెట్టిరో ఆలోచింపుడు.

నా కీయబడిన వ్యవధి ముగియవచ్చినది, ఒక్క ఆట చెప్పి విరమించెదను. 2025 అక్టోబరు 14న టోక్యోలో బ్రెజిలుతో ఆట. అంతవఱకు బ్రెజిలును జపాను ఒక్కసారియైనను గెలిచియుండలేదు. విరామమునకు బ్రెజిలు 2, జపాను సున్న. విరామము ముగిసి వచ్చిన జపాను ఇరువది నిమిషములలో మూడు గోళ్లు కొట్టినది. 3-2. ఆ తరువాత తొంబదవ నిమిషము వచ్చినది, చేర్చిన క్షణములును వచ్చినవి. గీత ప్రక్కన నిలిచిన ఆ యేబదియేడేండ్ల మనుష్యుడు గడియారము వంక చూచుచుండెను. బంతిని ఆయన పిల్లలు పోనీయలేదు.